మాత్రలకు డబ్బుంది, నేర్పడానికి పద్దు లేదు: అనంతపురం పల్లెల్లో బీపీ, షుగర్ తరగతుల లెక్క

క్లుప్తంగా: రాయలసీమ పల్లెల్లో బీపీ, షుగర్ కనిపెట్టడానికి, మాత్రలు ఇవ్వడానికి, జబ్బు ముదిరాక ఆపరేషన్‌కు, డయాలసిస్‌కు ప్రభుత్వం డబ్బు ఖర్చుపెడుతోంది. జబ్బున్న మనిషి ఇంటి దగ్గర తనను తాను చూసుకోవడం నేర్పే వారం వారం తరగతులకు మాత్రం ప్రత్యేకంగా పద్దు లేదు. ఇప్పటికే గడప దాకా వెళ్తున్న ఆరోగ్య సిబ్బంది ద్వారా ఆ తరగతులు పెట్టి, వాటికి విడిగా చెల్లించడం సాధ్యమే. ఖర్చూ పెద్దది కాదు. అయితే దేనికి చెల్లిస్తారు, ఎవరికి చెల్లిస్తారు, ఏ నెలల్లో నడుపుతారు అన్న మూడు విషయాలు తేలకుండా మొదలుపెడితే అది ఇంకో అవగాహన సదస్సుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మాత్ర చేరాక ఏమవుతోంది

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. పెద్దవాళ్లలో అది 11.4 శాతం. బీపీ ఉన్నవాళ్లు 35.5 శాతం. ఒకప్పుడు ఇవి పట్నం జబ్బులు అనుకునేవారు. ఇప్పుడు ఉరవకొండ, రాయదుర్గం, కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఏ ఊరికి 104 బండి (ఊరూరా తిరిగే ప్రభుత్వ వైద్య వాహనం) వచ్చినా మాత్రల కోసం నిలబడేవాళ్లలో ఈ రెండు జబ్బులవాళ్లే ఎక్కువ.

వీళ్ల కోసం ప్రభుత్వ వ్యవస్థ గత పదిహేనేళ్లలో బాగానే పెరిగింది. కేంద్రం 2010లో అసాంక్రమిక వ్యాధుల (ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల) కార్యక్రమం మొదలుపెట్టింది. తర్వాత 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ పరీక్షించాలన్న పద్ధతి వచ్చింది. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి ఫారం నింపుతుంది, ఉపకేంద్రం నర్సు అయిన ఏఎన్ఎం బీపీ, షుగర్ చూస్తుంది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక ఉపకేంద్రాల్లో సీహెచ్ఓలు (సామాజిక ఆరోగ్య అధికారులు) చేరారు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చిన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోని ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 బండితో నెలకు రెండుసార్లు ఊరికి రావాలి, మంచం పట్టినవాళ్లను ఇంటికే వెళ్లి చూడాలి.

ఇంతవరకూ బాగుంది. డాక్టరు వెళ్లిపోయాక మళ్లీ వచ్చేదాకా ఆ మనిషి ఏం చేస్తున్నాడన్న దగ్గరే లోటు ఉంది. తల తిరగడం తగ్గింది కదా అని బీపీ మాత్ర మానేసేవాళ్లు చాలామంది. మాత్ర మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుందన్న భయంతో అసలు మొదలుపెట్టనివాళ్లూ ఉన్నారు. రాగి సంగటి తింటే షుగర్ దరిచేరదని సీమలో గట్టి నమ్మకం. కానీ సంగటిలో బియ్యం ఎంత, రాగిపిండి ఎంత, ముద్ద ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి రక్తంలో చక్కెర పెరుగుతుంది. సంగటితోపాటు ఊరగాయ, ఉప్పు గట్టిగా పడిన చట్నీ ఉంటే బీపీకి అది ఇంకో సమస్య. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా చెనిక్కాయ (వేరుశనగ) చేలో కలుపుకు వెళ్లిన మనిషికి పదింటికల్లా చెమటలు పట్టి కళ్లు తిరిగితే అది ఎండ దెబ్బా, షుగర్ పడిపోవడమా అన్నది పక్కనున్నవాళ్లు అప్పటికప్పుడు గుర్తుపట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ ఎలా దాచాలి? చెప్పుల్లేకుండా చేలో తిరిగే కాలికి చిన్న పుండు పడితే ఎన్నాళ్లు చూసి ఆసుపత్రికి వెళ్లాలి?

వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద డాక్టరు అక్కర్లేదు. అన్నిటికీ నేర్పు కావాలి. ఆ నేర్పు ఒక్కసారి చెబితే వచ్చేది కాదు.

తరగతి అంటే ఏమిటి

దీర్ఘకాల జబ్బుల స్వీయ నిర్వహణ తరగతులకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే నమూనా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ బృందం తయారుచేసింది. వారానికి ఒకసారి, రెండున్నర గంటల చొప్పున, ఆరు వారాలు జరుగుతుంది. నడిపేది ఇద్దరు. వాళ్లు డాక్టర్లు కానక్కర్లేదు. ఇద్దరిలో కనీసం ఒకరైనా అలాంటి జబ్బుతో బతుకుతున్న మనిషి అయితే మంచిదన్నది ఈ పద్ధతిలో ముఖ్యమైన సంగతి.

మామూలు అవగాహన సదస్సుకూ దీనికీ తేడా అక్కడ జరిగే పనిలో ఉంది. సదస్సులో ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు, చివర్లో ఫొటో దిగుతారు. ఈ తరగతిలో ప్రతి మనిషీ వచ్చే వారానికి తాను చేయగలిగిన ఒక చిన్న పని తనే ఎంచుకుంటాడు. ఉదాహరణకు, వారంలో నాలుగు రోజులు సాయంత్రం చెరువు కట్ట దాకా నడుస్తాను అంటాడు. అది చేయగలనన్న నమ్మకం పదిలో ఎంత ఉందో చెప్పమంటారు. ఏడు కంటే తక్కువ చెబితే పనిని ఇంకా చిన్నది చేస్తారు. తర్వాతి వారం అందరి ముందు ఏమైందో చెప్పాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో, వేరే దారి ఏముందో పక్కవాళ్లే సూచిస్తారు. తన వల్ల అవుతుందన్న నమ్మకం పెరిగితే అలవాటు నిలబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా చెప్పిన సూత్రమే దీనికి పునాది.

ఫలితాల విషయంలో అతిగా చెప్పుకోవాల్సిన పని లేదు. 1999లో లోరిగ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో తరగతులకు వచ్చినవాళ్లు ఆరు నెలల తర్వాత వ్యాయామం వంటి అలవాట్లలో మెరుగయ్యారు, ఆసుపత్రిలో గడిపిన రోజులూ తగ్గాయి. ఇంగ్లండ్ ప్రభుత్వం ఇదే నమూనాను తెచ్చి పరీక్షిస్తే, 2007లో వచ్చిన ఫలితం కాస్త తగ్గింది. ఆత్మవిశ్వాసం, ఒంట్లో ఓపిక పెరిగాయి కానీ మామూలుగా డాక్టరు దగ్గరకు వెళ్లడం తగ్గలేదు. అందువల్ల తరగతులు పెట్టగానే ఆసుపత్రుల్లో రద్దీ తగ్గిపోతుందని ఎవరైనా చెబితే అది నమ్మదగ్గ మాట కాదు.

మనకు ఇంకా దగ్గరి రుజువు ఒకటుంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ ప్రాంతం, పశ్చిమ గోదావరి, కేరళలోని తిరువనంతపురం పల్లెల్లో బీపీ ఉన్నవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. అక్కడ శిక్షణ పొందిన ఆశా కార్యకర్తలే చిన్న చిన్న గుంపులతో పదిహేను రోజులకొకసారి, మూడు నెలలపాటు సమావేశాలు నడిపారు. ఆ ఊళ్లలో బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతం మిగతా ఊళ్ల కంటే ఎక్కువగా పెరిగింది. మదనపల్లె నుంచి కదిరి ఎంతో దూరం లేదు. నేల, తిండి, పని, మాట అన్నీ దాదాపు ఒకటే. సీమలో ఇది కుదురుతుందా అనే ప్రశ్నకు జవాబు పక్క ఊరి నుంచే వచ్చింది.

ఇంటి సేవల ద్వారానే ఎందుకు

ఆసుపత్రిలో తరగతి పెడితే అక్కడి దాకా రాగలిగినవాళ్లే వస్తారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో పిల్లలు కువైట్‌లో ఉండి, ఇంట్లో ముసలివాళ్లిద్దరే మిగిలిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అనంతపురం వైపు పిల్లలు బెంగళూరుకు వెళ్తారు. మోకాళ్ల నొప్పితో, చూపు తగ్గి, బస్సెక్కలేని మనిషికి అనంతపురం పెద్దాసుపత్రి తరగతి వల్ల ఉపయోగం లేదు. ఇంకో కారణం వంట. ఉప్పు ఎంత వెయ్యాలో, సంగటి ఎలా కెలకాలో నిర్ణయించేది కోడలో, కూతురో. ఇంటి దగ్గర జరిగే తరగతిలో ఆమె కూడా కూర్చుంటుంది.

అమెరికాలో ఈ తరగతులకు డబ్బు వచ్చిన దారుల్లో ఒకటి ఇక్కడ గమనించదగ్గది. అక్కడ పేదల కోసం ఉన్న మెడికెయిడ్ పథకం మొదట్లో వృద్ధులకు నర్సింగ్ హోముల్లో ఉంటేనే దీర్ఘకాల సంరక్షణ ఖర్చు భరించేది. 1981లో చట్టం మార్చి, అదే డబ్బును ఇంటి దగ్గర సేవలకు వాడుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు. ఒక షరతు పెట్టారు: ఇంటి దగ్గర చూసుకోవడానికి సగటున అయ్యే ఖర్చు సంస్థలో ఉంచితే అయ్యేదానికి మించకూడదు. ఏ సేవలు చేర్చాలో రాష్ట్రాలు ఎంచుకోవచ్చు. ఆ జాబితాలో శిక్షణ అనే సేవను చేర్చుకున్నచోట స్వీయ నిర్వహణ తరగతికీ అదే పద్దు నుంచి చెల్లించవచ్చు. నర్సింగ్ హోమ్ బిల్లు కట్టేదీ, ఇంటి సేవ బిల్లు కట్టేదీ ఒకే ఖజానా కాబట్టి మనిషి ఇంట్లోనే నిలకడగా ఉంటే మిగిలేదీ ఆ ఖజానాకే. తరగతికి డబ్బు పెట్టడానికి దానికి కారణం ఉంది.

అక్కడే ఇంకో అనుభవం కూడా ఉంది. వృద్ధుల బీమా అయిన మెడికేర్ షుగర్ ఉన్నవాళ్లకు మొదటి ఏడాది 10 గంటల శిక్షణకు చెల్లిస్తుంది. డబ్బు సిద్ధంగా ఉన్నా వాడుకునేవాళ్లు చాలా తక్కువ. డాక్టరు రాసి పంపాలి, రోగి వెతుక్కుని వెళ్లాలి. మధ్యలో చాలామంది జారిపోతారు. పద్దు ఒక్కటే ఉంటే సరిపోదు, తరగతి మనిషి దగ్గరకు రావాలి.

మన డబ్బు ఏ దారుల్లో వస్తోంది

జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల్లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. అసాంక్రమిక వ్యాధుల డబ్బు ఇందులోంచే మందులకు, పరీక్షలకు, సిబ్బందికి, కొంత ప్రచారానికి వెళ్తుంది. ఆశా కార్యకర్తకు ఈ పనిలో కేంద్ర మార్గదర్శకాల ప్రకారం లెక్క ఇలా ఉంటుంది: ఫారం నింపితే 10 రూపాయలు, జబ్బు బయటపడిన మనిషి చికిత్స మానకుండా చూసుకుంటే ఆరు నెలలకు 50 రూపాయలు. రాష్ట్రంలో 2019 నుంచి ఆశాలకు నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఉంది కానీ, ఆ లెక్కలో ఆరు వారాల తరగతి అనే పని ఎక్కడా కనిపించదు. ఆరు నెలలకు 50 రూపాయలతో ఒక మనిషి అలవాట్లు మార్పించాలని ఆశించడం న్యాయం కాదు.

చిన్న మొత్తాలు ఇంకొన్ని ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంగా మారిన ఉపకేంద్రానికి ఏడాదికి 50,000 రూపాయల దాకా, గ్రామ ఆరోగ్య పారిశుధ్య కమిటీకి 10,000 రూపాయలు స్థానికంగా ఖర్చు చేసుకునే వీలుంది. కరెంటు బిల్లు, దూది, బల్బు, సున్నం అన్నీ వీటిలోంచే పోవాలి కాబట్టి తరగతికి మిగిలేది ఎంతో ఊహించుకోవచ్చు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది. అదీ ఎక్కువగా భవనాలకు, పరీక్షల సదుపాయాలకు ఉద్దేశించిందే.

పెద్ద డబ్బు అంతా ఇంకో చివర ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతా రెండూ మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం గుండెకు స్టెంట్ వేయడానికి, పక్షవాతం వస్తే ఆసుపత్రిలో చేర్చడానికి, డయాలసిస్‌కు చెల్లిస్తుంది. పేదవాళ్ల ప్రాణాలు నిలబెట్టిన పథకం అది, దాని విలువ తక్కువ చేయడానికి లేదు. దాని స్వభావం మాత్రం జబ్బు ముదిరాకే చెల్లించడం. తర్వాత పింఛను. 2024 జులై నుంచి అమల్లో ఉన్న మొత్తాల ప్రకారం డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు నెలకు 10,000, పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు.

మిగిలేది ఎవరికి

రాయలసీమ విషయంలో అసలు లెక్క ఇక్కడుంది. ఇండియాలో చాలాచోట్ల ఇంటి సేవకు ఖర్చుపెట్టే శాఖ ఒకటి, జబ్బు ముదిరితే భరించేది కుటుంబం. అందుకే ముందుగా ఖర్చు పెట్టాలన్న ఒత్తిడి ప్రభుత్వం మీద తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. కిడ్నీ పోతే డయాలసిస్ బిల్లు రాష్ట్రానిదే, నెల నెలా పింఛనూ రాష్ట్రానిదే. పక్షవాతంతో మంచం పడితే ఆసుపత్రి ఖర్చు, ఏడాదికి 1,80,000 రూపాయల పింఛను రెండూ అదే ఖజానా నుంచి వెళ్తాయి. షుగర్, బీపీ అదుపు తప్పడం కిడ్నీలు పాడవడానికి, పక్షవాతానికి ప్రధాన కారణాలు. అంటే అమెరికా రాష్ట్రాలకు నర్సింగ్ హోముల వల్ల వచ్చిన కారణమే ఇక్కడి ప్రభుత్వానికి వేరే రూపంలో ఉంది.

ఖర్చు ఎంతో ఒక అంచనా వేసుకోవచ్చు. పన్నెండు మంది గుంపు, ఇద్దరు నడిపేవాళ్లు, ఒక్కొక్కరికి తరగతికి 300 రూపాయలు అనుకుంటే ఆరు వారాలకు 3,600. టీ, బొరుగులు, కాగితాలు, గుంపుకు ఒక బీపీ మిషన్‌లో కొంత వాటా కలిపి ఇంకో 1,400. మొత్తం 5,000. మనిషికి 420 లోపే. ఒక డయాలసిస్ రోగికి ఒక్క నెల ఇచ్చే పింఛనుతో ఇలాంటి రెండు గుంపులు, అంటే 24 మంది తరగతి పూర్తి చేస్తారు. శిక్షణ, పర్యవేక్షణ ఖర్చులు కలిపి ఇది రెట్టింపైనా చిన్న మొత్తమే.

లెక్క ఇంత తేలికైతే ఎందుకు జరగలేదంటే, ఖర్చు ఈ ఏడాది బడ్జెట్‌లో కనిపిస్తుంది, మిగులు కనిపించడానికి ఐదేళ్లో పదేళ్లో పడుతుంది. పైగా రాని పక్షవాతాన్ని ఏ రిజిస్టరులోనూ రాయలేరు. ఇంకో మార్పు కూడా గమనించాలి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన ఆరోగ్య బీమా విధానంలో 2.5 లక్షల దాకా బీమా సంస్థ, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరించాలి. ప్రీమియం ముందే కట్టేశాక 2.5 లక్షల లోపు చికిత్సలు తగ్గితే ముందు లాభపడేది బీమా సంస్థ. తర్వాతి ప్రీమియంలో ఆ తగ్గుదల రాష్ట్రానికి తిరిగి రావాలంటే ఒప్పందంలో ఆ మాట ముందే రాసుకోవాలి. వీలైతే నివారణ తరగతులకు బీమా సంస్థ కొంత వాటా ఇవ్వాలన్న షరతు కూడా పెట్టుకోవాలి.

పొరుగువాళ్లు ఎలా చేశారు

తమిళనాడు 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా నుంచి మొదలుపెట్టిన పథకంలో పొదుపు సంఘాల మహిళలే బీపీ, షుగర్ మాత్రలు ఇంటికి తీసుకెళ్తారు. వాళ్లకు దీనికోసమే నెల నెలా ప్రోత్సాహకం ఇస్తారు. ఆశా నెత్తిన ఇంకో పని వేయకుండా, ఈ జబ్బుల కోసం వేరే మనిషిని పెట్టుకున్నారు. అదే దాని బలం. కేరళలో 2008లో తెచ్చిన విధానం తర్వాత మంచం పట్టినవాళ్లకు ఇంటికెళ్లి సేవ చేసే నర్సు ఖర్చును పంచాయతీలు తమ ప్రణాళిక నిధుల నుంచి పెట్టుకుంటున్నాయి. కేరళ పంచాయతీలకున్న సొంత డబ్బు మన పంచాయతీలకు లేదు కాబట్టి ఆ దారి ఇక్కడ యథాతథంగా నడవదు. తమిళనాడు దారి నడుస్తుంది. డ్వాక్రా సంఘాలు సీమలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, నెల నెలా కూర్చుని లెక్కలు చూసుకునే అలవాటు వాళ్లకు ఇప్పటికే ఉంది. షుగర్‌తో పదేళ్లుగా నెట్టుకొస్తున్న సంఘం సభ్యురాలు, ఆశా కలిసి తరగతి నడిపితే స్టాన్‌ఫర్డ్ నమూనా కోరే ఇద్దరూ దొరికినట్టే.

దేనికి చెల్లించాలి, ఎప్పుడు నడపాలి

హాజరైన తలకు ఇంత అని చెల్లిస్తే మొదటి రోజు రిజిస్టరు నిండుతుంది, మూడో వారానికి ఎవరూ ఉండరు. ఆరింటిలో కనీసం నాలుగు తరగతులు పూర్తి చేసిన మనిషికి ఇంత అని చెల్లించడం మేలు. ఆరు నెలల తర్వాత ఏఎన్ఎం చూసిన బీపీ, షుగర్ అంకెలకు కొద్ది మొత్తం ముడిపెట్టవచ్చు. మొత్తం చెల్లింపును ఆ అంకెలకే ముడిపెడితే మాత్రం ప్రమాదం. అప్పటికే అదుపులో ఉన్నవాళ్లను ఏరి కూర్చోబెడతారు, లేదా అంకె దిద్దుతారు. అసలు అవసరం ఉన్నవాళ్లు బయటే ఉండిపోతారు.

తరగతిని పింఛనుకు షరతుగా పెట్టడం ఏ పరిస్థితిలోనూ తగదు. నడవలేక రానివాళ్ల పింఛను ఆగిపోయిందన్న ఒక్క వార్త చాలు, ఊరంతా తరగతిని అనుమానంగా చూడటానికి. అలాంటివాళ్ల కోసం ఆరులో రెండు తరగతులు వాళ్ల ఇంటి అరుగు మీదే పెట్టే వెసులుబాటు పద్దులో ఉండాలి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమంలో ఇల్లు కదలలేనివాళ్లను ఇంటికెళ్లి చూడాలన్న ఏర్పాటు 2010 నుంచీ ఉంది. దాన్నే దీనికి వాడుకోవచ్చు.

క్యాలెండరు సంగతి హైదరాబాద్, అమరావతి నుంచి చూస్తే కనిపించదు. కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు వలస వెళ్తాయి. ఆ నెలల్లో అక్కడ ఆరు వారాల తరగతి పెడితే ఖాళీ ఇళ్లకు పెట్టినట్టే. వెళ్లేవాళ్లకు బయలుదేరే ముందే రెండు, మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడం, తరగతిని దసరాకు ముందే ముగించడం మేలు. అనంతపురంలో వాన పడి చెనిక్కాయ విత్తే రోజుల్లో, పీకే రోజుల్లో పగటి పూట ఎవరూ దొరకరు. అక్కడ రాత్రి ఏడు తర్వాతే కుదురుతుంది. కడప వైపు రంజాన్ నెలకు ముందు ఒక తరగతిని ఉపవాసం, మాత్రల వేళల మార్పు, షుగర్ పడిపోతే ఏం చేయాలన్నదానికే కేటాయించాలి. కాబట్టి ఏ నెలలో నడపాలన్న నిర్ణయం పీహెచ్‌సీ స్థాయిలోనే ఉండాలి. డబ్బు ఆర్థిక సంవత్సరం చివర్లో వచ్చి, మార్చి 31లోపు ఖర్చు చేయమంటే ఆ నిర్ణయానికి అర్థం ఉండదు.

మొదలుపెట్టడానికి కొత్త శాఖ, కొత్త పథకం పేరు అక్కర్లేదు. జాతీయ ఆరోగ్య మిషన్‌కు రాష్ట్రం పంపే వార్షిక ప్రణాళికలో ఒక వరుస చేర్చి, వలసలున్న మండలం ఒకటి, వలసల్లేని మండలం ఒకటి ఎంచుకుని రెండేళ్లు నడిపి చూడవచ్చు. ఆ రెండేళ్లలో నమోదు చేయాల్సినవి: ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగు తరగతులు దాటారు, ఆరు నెలలకు, పన్నెండు నెలలకు బీపీ అదుపులో ఉన్నవాళ్లు ఎంతమంది, మాత్రలు ఆపినవాళ్లు ఎంతమంది. ఈ అంకెలు తీసుకోవడానికి ఏఎన్ఎం దగ్గరున్న ట్యాబ్, 104 బండి రిజిస్టరు సరిపోతాయి.